సతాయిస్తున్నది ఎవరు?

"ఏందమ్మా, దినాం వచ్చి సతాయిస్తవ్? ఫైలు పైన ఉంది, అయితే ఫోన్ చేస్తమని చెప్పిన గద!"

కౌంటర్ అవతలి మనిషి మా చిన్నమ్మతో అన్న మాట ఇది. చిన్నాన్న పోయాక కుటుంబ పెన్షన్ కోసం ఆమె తిరుగుతున్న ఆఫీసు సిటీలోనే ఉంది. పేరు అనవసరం. ఆ రోజు తోడుగా నేనూ వెళ్ళాను. చిన్నమ్మ ఎదురు మాట్లాడలేదు. కాగితాలున్న ప్లాస్టిక్ కవర్‌ను మడిచి చంకలో పెట్టుకుని, "మరి ఎప్పుడు రమ్మంటరు సార్?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేదు కాబట్టి ఆమె మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వెళ్ళింది కాబట్టి సతాయించినట్టయింది.

తిరుగు ప్రయాణంలో నా కోపం ఆ ఉద్యోగి మీద నుంచి ఆయన వాడిన మాట మీదికి మళ్ళింది. వృత్తి దోషం. అమీర్‌పేటలో, విదేశీ పైచదువుల కోసం జీఆర్‌ఈ పరీక్ష రాసే పిల్లలకు చాలా ఏళ్ళు ఇంగ్లీషు పదాలు చెప్పి బతికినవాణ్ణి. అప్పట్లో మూడు వేల పైచిలుకు పదాల జాబితాను పిల్లలు ఎక్కాల్లా బట్టీ పట్టేవాళ్ళు. 2011 ఆగస్టులో పరీక్ష మారేదాకా వ్యతిరేక పదాల ప్రశ్నలు కూడా ఉండేవి, అందుకని ఏ పదాన్నీ వదలడానికి లేదు. ఆ జాబితాలో 'ఐ' అక్షరం కింద 'ఇంపోర్చునేట్' అని ఒకటి ఉండేది. అర్థం: విసుగు పుట్టేలా పదేపదే అడిగేవాడు. గుర్తుండడానికి పిల్లలు ఒక చిట్కా కూడా కట్టుకున్నారు: ఇంపోర్టెడ్ చాక్లెట్ కావాలని దుకాణం ముందు నేల మీద పడి ఏడ్చే పిల్లాడు. పరీక్షకు అది చాలు. మార్కు వచ్చేది.

కానీ ఆ పదానికి చాక్లెట్‌తో సంబంధం లేదు. ఓడలతో ఉంది.

లాటిన్‌లో 'పోర్టుస్' అంటే రేవు. ఓడను రేవు వైపు తోసే గాలిని 'ఒప్పోర్టూనుస్' అనేవాళ్ళు. మనం రోజూ వాడే ఆపర్చునిటీ ఆ గాలి పేరే. దానికి ఎదురు మాట 'ఇంపోర్టూనుస్': రేవు లేనిది. ఫెస్టుస్ అనే పాతకాలపు రోమన్ నిఘంటుకారుడు దీనికిచ్చిన అర్థం నాకు చాలా ఇష్టం. సముద్రం మీద పోయేవాళ్ళకు రేవు ఎలా ఆసరానో, అలాంటి ఆసరా ఏదీ లేనిది ఇంపోర్టూనుస్ అన్నాడాయన. ఆసరా! 2014లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన పింఛన్ల పథకానికి పెట్టిన పేరు కూడా అదే. ఫెస్టుస్‌కు తెలిసే అవకాశం లేదనుకోండి.

రేవు లేని చోటు ఇబ్బందికరం. అనువుగానిది. అక్కణ్ణుంచి ఆ మాట వేళకానిదానికి, తర్వాత చికాకు పెట్టేదానికి, ఆ తర్వాత చికాకు పెట్టే మనిషికి అంటుకుంది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరేసరికి రేవు మరుగున పడి, మనిషి ఒక్కడే మిగిలాడు. రోమన్లకు రేవులను కాచే దేవుడు ఒకడుండేవాడు, పోర్టూనుస్ అని. తలుపులూ తాళంచెవులూ కూడా ఆయన పరిధిలోవే. రోమ్‌లో టైబర్ నది ఒడ్డున ఆయన గుడి ఇప్పటికీ నిలబడి ఉంది. రేవుకూ తలుపుకూ దేవుడు ఒక్కడే కావడం నాకు సబబుగా తోస్తుంది. రెండింటి దగ్గరా అవతలివాళ్ళు లోపలికి రానిస్తేనే పని అవుతుంది.

నా వాదన ఇది. పదేపదే అడగడాన్ని మనం అడిగేవాడి స్వభావంగా చూస్తాం. జిద్దు మనిషి, నస మనిషి, చెవిలో జోరీగ. చాలాసార్లు అది స్వభావం కాదు, పరిస్థితి. ఓడ అక్కడక్కడే తిరుగుతోందంటే సరంగుకు తిక్క అనుకోనక్కర్లేదు, దిగడానికి చోటు చూపించి ఉండరు. పైగా ఎవరికి నస అని పేరు పెడతాం, ఎవరికి పెట్టం అన్నది వాళ్ళు ఎన్నిసార్లు అడిగారన్న లెక్కను బట్టి తేలదు. వాళ్ళెవరు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

ఇదే అర్థానికి ఇంగ్లీషులో ఉన్న మిగతా మాటలు కొన్ని అడిగించుకునేవాడి వైపు నుంచి పుట్టినవి. 'పెస్టర్' గుర్రం కాళ్ళకు కట్టే బంధం నుంచి వచ్చింది. మేతకు వదిలిన గుర్రం దూరం పోకుండా కాపరులు ముందుకాళ్ళకు తాడు కడతారే, అది. చీడపీడలకు వాడే 'పెస్ట్' పోలిక తర్వాత దానికి అంటి అర్థాన్ని మార్చింది. అంటే పెస్టర్‌లో కాళ్ళు కట్టుబడ్డది అడిగించుకునేవాడికి. 'బ్యాడ్జర్' ఇంకా తమాషా. బ్యాడ్జర్ అనే జంతువు వెంటపడి పీడిస్తుందేమోనని మా పిల్లలు అనుకునేవాళ్ళు. నిజానికి పీడ దాని మీదే. బ్యాడ్జర్‌ను తెచ్చి దాని మీదికి కుక్కలను వదిలి చూస్తూ పందేలు కాయడం ఒకప్పుడు ఇంగ్లండ్‌లో వినోదం. 1835లో చట్టం చేసి నిషేధించారు. బాధపడ్డ జంతువు పేరు బాధపెట్టే పనికి స్థిరపడిపోయింది. మాటలు ఇలా అవతలి ఒడ్డుకు చేరిపోవడం కొత్తేమీ కాదు. కానీ ఇంపోర్చునేట్ విషయంలో ఈ మార్పు నన్ను వదలదు, ఎందుకంటే ఆ మాట మొదట్లో అడిగేవాడి కష్టం వైపు ఉండేది.

ఇంగ్లీషు బైబిల్లో ఈ మాట చుట్టం ఒకటి ప్రసిద్ధమైన చోట కూర్చుంది. 1611 నాటి అనువాదంలో లూకా సువార్త 11వ అధ్యాయం. అర్ధరాత్రి ఒకడు స్నేహితుడి తలుపు కొట్టి మూడు రొట్టెలు అప్పడుగుతాడు. స్నేహం కోసం లేవనివాడు కూడా ఆ 'ఇంపోర్చునిటీ' భరించలేక లేచి ఇస్తాడని కథ. మూలమైన గ్రీకు మాటకు సిగ్గులేనితనం అని అర్థం, మన తెలుగు బైబిల్ దాన్ని 'సిగ్గుమాలి' అని సూటిగానే పెట్టింది. అదే సువార్త 18వ అధ్యాయంలో ఒక విధవరాలు న్యాయం కోసం దేవుడికీ మనిషికీ భయపడని న్యాయాధిపతి చుట్టూ తిరుగుతుంది. ఇంగ్లీషువాళ్ళు ఆమెను 'ఇంపోర్చునేట్ విడో' అనే పిలుచుకుంటారు. ఆమె మాటిమాటికీ వచ్చి గోజాడకుండా ఉండాలంటే తీర్పు ఇచ్చేయడమే మేలనుకుంటాడు ఆ పెద్దమనిషి. గోజాడడం అన్న మాట నేను మొదట విన్నది మా పక్కింటి క్రైస్తవ ఆంటీ నోట. ఇప్పుడు సిటీలో ఎవరూ వాడగా వినను.

ఈ కథలో ఎవరూ పట్టించుకోని చిన్న విషయం ఉంది. చికాకు పడ్డది జడ్జి. న్యాయం అందనిది ఆమెకు. ఆ ఇంగ్లీషు విశేషణం మాత్రం ఆమెకే తగిలించారు. 'తీర్పివ్వని జడ్జి' అని ఆ కథను పిలవచ్చు, కొందరు 'అన్యాయపు న్యాయాధిపతి' అనే పిలుస్తారు కూడా. కానీ మన ఆఫీసుల్లో ఆ రెండో పేరు వినిపించదు.

1611 అంటే మనవైపు ఇంకో సంగతి గుర్తుకొస్తుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' మచిలీపట్నం చేరింది ఆ సంవత్సరమే. గోల్కొండకు సముద్రపు వాకిలి మచిలీపట్నం. పారసీలో 'బందర్' అంటే రేవు. మనం ఇప్పటికీ ఆ ఊరిని బందరు అంటున్నాం, బందరు లడ్డూ కొంటున్నాం. ఆ రేవులో కొట్లు పెట్టుకున్న ఇంగ్లీషువాళ్ళు తర్వాత చేసిందేమిటి? అడగడం. సుంకాలు తగ్గించమని, స్థానిక అధికారులు అడ్డుపడకుండా చూడమని, కుతుబ్ షాహీ దర్బారును పట్టుకుని వేలాడారు. 1632లో ఏడాదికి 500 పగోడాలు (అప్పటి బంగారు నాణేలు) కడితే గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చని సుల్తాన్ 'బంగారు ఫర్మానా' ఇచ్చేదాకా ఇరవై ఏళ్ళు. ఏ పాఠ్యపుస్తకమైనా వాళ్ళు సుల్తాన్‌ను సతాయించారని రాసిందా? వర్తక దౌత్యం అని రాసింది. చిన్నమ్మ తన మొగుడి పెన్షన్ అడిగితే సతాయింపు. పరదేశి కంపెనీ సుంకం మినహాయింపు అడిగితే దౌత్యం.

తెలుగులో మనకు ఈ రెండు నాలుకల అలవాటు బాగానే ఉంది. అడగందే అమ్మైనా పెట్టదు అంటాం. పని సాధించుకొచ్చినవాణ్ణి పట్టువదలని విక్రమార్కుడు అని మెచ్చుకుంటాం. ఆ విక్రమార్కుడు సాధించకముందు ఆఫీసు గుమ్మంలో నిలబడితే మాత్రం "మళ్ళీ వచ్చిండురా" అంటాం. హైటెక్ సిటీలో అయితే దీనికి వేరే పేరు. ఒక మెయిల్‌కు జవాబు రాకపోతే 'జెంటిల్ రిమైండర్'. రెండోదానికీ రాకపోతే 'ఫాలో అప్'. మూడోదానికి మేనేజర్‌ను కలిపి 'ఎస్కలేషన్'. ప్రతి మెట్టుకూ మర్యాదైన పేరుంది, అలా వెంటపడడం వచ్చినవాడికి అప్రైజల్లో మంచి మాట కూడా పడుతుంది. చిన్నమ్మ చేస్తున్నదీ ఫాలో అపే. ఆమెకు ఎస్కలేషన్ మెట్టు లేదు, అంతే తేడా.

బ్రిటన్ ఈ మాటను చట్టంలోకి కూడా ఎక్కించింది. 1898 నాటి అక్కడి చట్టంలో బహిరంగ ప్రదేశాల్లో అనైతిక ఉద్దేశంతో పట్టుబట్టి 'ఇంపోర్చ్యూన్' చేయడం నేరంగా ఉండేది. ఆచరణలో అది స్వలింగ సంపర్కులైన మగవాళ్ళ మీద కొరడా అయింది. 1953లో పెద్ద రంగస్థల నటుడు జాన్ గీల్‌గుడ్ ఇదే నేరం కింద పట్టుబడి పది పౌండ్ల జరిమానా కట్టాడు. నైట్‌హుడ్ వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆయనకున్న పేరు ఆయన్ను కాపాడింది. పేరు లేనివాళ్ళ సంగతి వేరే చెప్పాలా. ఇక్కడా అదే చూస్తున్నాను: ఎక్కడా చోటు లేకుండా చేసి, ఆ పైన చోటు కోసం వెతకడాన్ని నేరమన్నారు.

ఇంతవరకూ చదివినవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. నిజంగా పీడించేవాళ్ళు లేరా? ఉన్నారు. నా ఫోన్‌లోనే ఉన్నారు. షాద్‌నగర్‌లో ఓపెన్ ప్లాట్లు, యాదగిరిగుట్ట దగ్గర ఫామ్ ల్యాండ్, లైఫ్‌టైమ్ ఫ్రీ క్రెడిట్ కార్డు. వద్దు అన్నాక కూడా "సర్, ఒక్కసారి సైట్ విజిట్‌కు రండి, క్యాబ్ మేమే పంపిస్తం" అంటారు. ఇలాంటి ఫోన్లు రాకుండా 1909కు చెప్పి డీఎన్‌డీ పెట్టించుకున్నా వేరే నంబరు నుంచి వస్తుంది. అది చిన్న చికాకు, వదిలేద్దాం. ఆ ఫోన్ చేసే అమ్మాయికీ టార్గెట్ ఉంటుంది, కంపెనీ మొండితనమంతా ఆమె గొంతులోంచి పలుకుతుంది.

చిన్నది కానిది ఒకటుంది. 2020 చివర్లో ఈ నగరం లోన్ యాప్‌ల దెబ్బ చూసింది. కొన్ని వేల రూపాయల అప్పుకు ఫోన్‌లో ఉన్న కాంటాక్టులందరికీ మెసేజ్‌లు పంపి పరువు తీశారు, బూతులు తిట్టారు. రాష్ట్రంలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లు నడిపినవాళ్ళను అరెస్టు చేశారు. 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, తన కిందికి వచ్చే సంస్థల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని చెప్పింది. గమనించండి, ఇక్కడ అప్పు నిజంగానే ఉంది. అడిగే హక్కు ఉంది. అయినా వేళ చూసుకోమంటోంది, ఒకరి అప్పుకు ఇంకొకరి పరువు తీయొద్దంటోంది. వేళకానిది అన్న ఆ పాత లాటిన్ అర్థం రిజర్వు బ్యాంకు సర్క్యులర్లో మళ్ళీ తేలింది. (అప్పు కోసం వెంటపడడానికి ఇంగ్లీషులో 'డన్' అని విడిగా ఓ మాట ఉంది. ఏడో హెన్రీ కాలంలో లింకన్ పట్టణంలో జో డన్ అనే వసూలుదారు ఉండేవాడని, ఆయన పేరే ఇదని కథ చెబుతారు. కథ బాగుంది, ఆధారం మాత్రం లేదు.)

ఇంకొకటి అమ్మాయిల వెంటపడడం. మన సినిమాలు దశాబ్దాలుగా దీన్నే ప్రేమ అన్నాయి. కాలేజీ గేటు దగ్గర, బస్‌స్టాప్‌లో, ఇంటి ముందు, హీరో వదలడు. చివరికి ఆమె నవ్వుతుంది. నవ్వకపోతే కథ లేదు కదా. 2013లో చట్టం దీన్ని స్టాకింగ్ అనే నేరంగా రాసింది. అప్పుడు ఐపీసీ 354డి, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 78. అందులోని కీలకమైన షరతు నాకు నచ్చుతుంది: ఆమె ఇష్టం లేదని స్పష్టంగా తెలియజేసిన తర్వాత కూడా పదేపదే. 2014లో హైదరాబాద్‌లో పోలీసుల షీ టీమ్స్ వచ్చాక మఫ్టీలో బస్‌స్టాపుల దగ్గర నిలబడి ఇలాంటివాళ్ళను పట్టుకోవడం మొదలైంది. మా బ్యాచ్‌లో ఒకడు "మేడం, ఒక్కసారే అడిగిన" అని కౌన్సెలింగ్‌లో ఏడ్చి వచ్చాడు. ఒక్కసారి కాదని క్లాసంతటికీ తెలుసు.

ఈ రెండిటినీ చిన్నమ్మ పక్కన పెడితే తేడా నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. ఆ అమ్మాయి వాడికి ఏమీ బాకీ లేదు. రెండో జవాబు కూడా బాకీ లేదు. వద్దు అన్నప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేసింది. ఆ తర్వాత వాడు ఎంత మెత్తగా, ఎంత కవిత్వంగా అడిగినా అది పీడనే. ఆఫీసు అలా కాదు. అది చిన్నమ్మకు ఒక జవాబు బాకీ. అవును అనో, కాదు అనో, ఫలానా కాగితం తక్కువైంది అనో, ఫలానా రోజు అనో. ఆ బాకీ తీరేదాకా ఆమె ఎన్నిసార్లు వెళ్ళినా అది సతాయింపు లెక్కలోకి రాదు. అడిగే వేళ తప్పని మాటా లేదు, ఆఫీసు టైములోనే వెళ్ళింది, లైన్లోనే నిలబడింది.

ఆ కౌంటర్ ఉద్యోగి గురించి కూడా ఒక మాట అనాలి. నా స్నేహితుడొకడు అలాంటి సీట్లోనే పనిచేస్తాడు. రిటైరైన ఇద్దరి పని కూడా తనే చూస్తున్నానని, ఫైలు తన చేతిలో ఉండదని, పైకి పంపాక అది ఎక్కడుందో తనకూ తెలియదని అంటాడు. రోజంతా అవే ముఖాలు, అవే ప్రశ్న. విసుగు రాదా అంటాడు. వస్తుంది. అబద్ధం చెప్పడం లేదు. కానీ ఆ విసుగు పైఅంతస్తుకు చేరాల్సింది. లిఫ్టు పనిచేయక కింద ఉన్న చిన్నమ్మ మీద పడుతోంది.

ఇలా తిరిగేవాళ్ళ కోసం పెట్టిన మార్గాలు లేకపోలేదు. సోమవారం కలెక్టరేట్లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంది. 2023 డిసెంబరులో, అంతకుముందు ముఖ్యమంత్రి నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందు ఇనుప కంచె తీసేసి, పేరు జ్యోతిరావు ఫూలే ప్రజాభవన్‌గా మార్చి అక్కడా మొదలుపెట్టారు. మొదటి రోజుల్లో బేగంపేట రోడ్డు పొడవునా జనం క్యూ కట్టారు. అంతమంది ఒక్క పొద్దున జిద్దు మనుషులైపోయారని ఎవరూ అనలేరు. చిన్నమ్మా వెళ్ళింది. అర్జీ తీసుకున్నారు, మర్యాదగా మాట్లాడారు, నంబరిచ్చారు. ఆ అర్జీ 'తగిన చర్య నిమిత్తం' సంబంధిత శాఖకు వెళ్ళింది. సంబంధిత శాఖ అంటే ఆ కౌంటరే.

ఆ తర్వాత నేను ఆమె పేరు మీద సమాచార హక్కు దరఖాస్తు రాసి పెట్టాను. ఫైలు ఏ సీటులో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది, ఇంతే అడిగాం. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎందుకు అడుగుతున్నావని అడగడానికి వీల్లేదని సెక్షన్ 6(2) చెబుతోంది. ఈ దేశంలో పౌరుడు వివరణ ఇచ్చుకోకుండా అడగగలిగే చోటు ఇదొకటైనా ఉందని నాకు సంతోషం. అయితే ఈ దారిలో పోయేవాళ్ళకూ ఆఫీసుల్లో ఒక ముద్దు పేరు తయారైంది: ఆర్టీఐగాళ్ళు.

జవాబు గడువు లోపలే వచ్చింది. ఒక సంతకం కోసం ఫైలు ఆగి ఉందని, ఫలానా తేదీ నుంచి ఆగి ఉందని రాశారు. ఆ తేదీ చూశాను. కౌంటర్ దగ్గర చిన్నమ్మను కసిరిన రోజుకు చాలా ముందుదే. అంటే 'పైన ఉంది' అన్న మాట నిజం, 'ఫోన్ చేస్తం' అన్న మాటకే అర్థం లేదు.

సంతకం ఇంకా పడలేదు. మొన్న ఆమె ఫోన్ చేసి, "మళ్ళ పోతే బాగుంటదా బిడ్డా, తిడ్తరేమో?" అని అడిగింది. పొమ్మన్నాను. ఈసారి ఆ ఆర్టీఐ జవాబు జిరాక్స్ కవర్లో పైన పెట్టుకుని పొమ్మన్నాను. ఎప్పుడు రమ్మంటారో నోటితో కాదు, కాగితం మీద తేదీ రాసి స్టాంపు వేసి ఇమ్మని అడగమన్నాను. ఇచ్చేది లేదంటే, ఆ మాట అన్నది ఎవరో పేరడిగి రాసుకోమన్నాను. గురువారం వెళ్తోంది.